మెషిన్ లేని ల్యాబ్ నుంచి మైక్రోస్కోపీలో పీహెచ్‌డీ: నా అనుభవం

ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే, "నానోలో పీహెచ్‌డీ చేరమంటారా మేడం?" అని. నానో అంటే మీటరులో వంద కోట్లో వంతు స్థాయిలో పదార్థాన్ని చూసే సైన్స్. చేరమని ధైర్యంగా చెప్పలేను, వద్దనడానికి మనసు రాదు. అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాసేస్తున్నా, చదివి ఎవరికి వాళ్లు తేల్చుకోండి. కొంచెం పొడుగైంది. మధ్యలో టెక్నికల్ విషయాలు వస్తాయి, అవి తీసేస్తే ఇంక చెప్పేదేమీ మిగలదు.

మాది గుత్తి. నాయన రైల్వే డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. నా డిగ్రీ అనంతపురంలో, ఎమ్మెస్సీ అక్కడే శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ)లో. అప్పట్లో ఎక్కడ చూసినా నానోనే. 2007లో కేంద్రం నానో మిషన్ పెట్టి ఐదేళ్లకు వెయ్యి కోట్లు అన్నాక, ఏ సెమినార్ బ్రోషర్ తీసినా ఆ మాట లేకుండా ఉండేది కాదు. నిన్నటిదాకా గ్లాసులు, సిరామిక్స్ అన్నవాళ్లు కూడా టైటిల్ ముందు నానో తగిలించేశారు. నాకూ ఆ గాలి సోకింది, కాదనను. కానీ నన్ను నిజంగా పట్టుకున్నది ఒక బొమ్మ. 1989లో ఐబీఎం వాళ్ల ఆల్మడెన్ ల్యాబ్‌లో డాన్ ఐగ్లర్ అనే ఆయన నికెల్ ఉపరితలం మీద 35 జెనాన్ పరమాణువులను ఒక్కొక్కటే జరిపి కంపెనీ పేరు రాశాడు. సాలిడ్ స్టేట్ క్లాసులో సార్ ఆ బొమ్మ చూపించి, ఐదు నిమిషాల్లో ముగించి, మళ్లీ ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లోకి వెళ్లిపోయారు. నేను మాత్రం వెళ్లలేకపోయా. పరమాణువును పట్టుకుని జరపడమేంది, దాన్ని చూడటమేంది అని హాస్టల్లో రాత్రంతా అదే గోల.

జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకి ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వచ్చింది. ఫెలోషిప్ మనదే కాబట్టి గైడ్లు పిలిచి మరీ సీటు ఇస్తారు, ఆ ఒక్క విషయంలో మన చెయ్యి పైన ఉంటుంది. ఇంటికి దగ్గరగా ఉంటుందని రాయలసీమలోనే ఒక యూనివర్సిటీలో థిన్ ఫిల్మ్స్, అంటే పలచటి పొరల, ల్యాబ్‌లో చేరాను. స్ప్రే పైరాలసిస్. అంటే జింక్ ఎసిటేట్ ద్రావణాన్ని 400 డిగ్రీల వేడి మీదున్న గాజు స్లైడ్ మీదకు సన్నగా చల్లితే జింక్ ఆక్సైడ్ పొరగా అంటుకుంటుంది. చవకైన పద్ధతి, మన సీమ ల్యాబుల్లో చాలామంది చేసే పని. మా దగ్గర హాట్ ప్లేట్, ఫర్నేస్, పాత యూవీ స్పెక్ట్రోమీటర్ ఉన్నాయి. ఏఎఫ్‌ఎం, అంటే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్, సన్నని సూదితో ఉపరితలాన్ని తడిమి బొమ్మ గీసే మెషిన్, లేదు. "బొమ్మలదేముందమ్మా, బయట తీయిద్దాం" అన్నారు సార్.

చేరిన రోజు రాత్రి నాయన ఫోన్లో అడిగాడు, "ఎంత చిన్నది చూస్తారు పాపా దాంట్లో?"

"షెడ్లో మీ డయల్ గేజీలో ఒక గీత ఎంత నాయనా?"

"పాయింట్ జీరో వన్ మిల్లీమీటర్. పది మైక్రాన్లు."

"దాంట్లో లక్షో వంతు ఎత్తు తేడా కూడా పట్టుకుంటుంది."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అంత సన్నంగా జరిపే స్క్రూకి ప్లే ఉండదా?" అన్నాడు. తర్వాత నా వైవాలో కూడా ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. అక్కడ స్క్రూ ఉండదు, పీజో అని ఒక సిరామిక్ ముక్క ఉంటుంది, వోల్టేజ్ ఇస్తే నానోమీటర్లలో సాగుతుంది, తీసేస్తే ముడుచుకుంటుంది. ప్లే లేదు గానీ దాని జబ్బు దానికుంది. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జరిపి ఆపినా, ఆగకుండా కొద్దికొద్దిగా పాకుతూనే ఉంటుంది, అందుకే కొత్త చోట తీసిన బొమ్మలో మొదటి గీతలు వంకరపోతాయి. దీన్ని క్రీప్ అంటారు. ఆ రోజు నాయనకు ఇదంతా చెప్పలేదు, నాకే తెలియదు.

బయట తీయించడం అంటే ఏమిటో చెబుతా. ఫారం నింపాలి, గైడ్ సంతకం, హెడ్ సంతకం, డీడీ తీయాలి, స్లైడ్ ముక్కలను చిన్న డబ్బాలో పెట్టి కొరియర్ చేయాలి. తర్వాత ఎదురుచూపులు. ఎప్పటికో ఒక సీడీ వచ్చేది, అందులో శాంపిల్‌కి మూడు ఫొటోలు, బంగారు రంగులో నిగనిగలాడుతూ. ఆ రంగు ఉత్తిదే, ఎత్తును బట్టి సాఫ్ట్‌వేర్ వేసింది. ఏ టిప్‌తో, అంటే ఏ సూదితో తీశారు, అది కొత్తదా అరిగిందా, ఎంత స్పీడులో స్కాన్ చేశారు, ఏమీ ఉండదు. రా డేటా అడిగితే విసుక్కునేవాళ్లు. మేము ఆ ఫొటోల కింద రాసున్న ఆర్‌ఎంఎస్ రఫ్‌నెస్, అంటే ఉపరితలం ఎంత గరుకో చెప్పే అంకెను టేబుల్లో పెట్టి, టెంపరేచర్ పెరిగేకొద్దీ రఫ్‌నెస్ పెరుగుతోంది అని రాసేవాళ్లం. ఒక మాట చెప్పనివ్వండి, ఆ అంకె స్కాన్ సైజుతో మారిపోతుంది. అదే ఫిల్ముని ఒక మైక్రాన్ చదరంలో కొలిస్తే ఒకటి, పది మైక్రాన్ల చదరంలో కొలిస్తే మామూలుగా ఇంకా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే పెద్ద చదరంలో పెద్ద ఎగుడుదిగుళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. సైజు చెప్పకుండా రఫ్‌నెస్ 12 నానోమీటర్లు అని రాస్తే దానికి విలువ లేదు. అయినా అలాంటి పేపర్లు కుప్పలుగా ఉన్నాయి. థిన్ ఫిల్మ్ పేపర్లలో ఏఎఫ్‌ఎం బొమ్మ పెళ్లికార్డు మీద వినాయకుడి లాంటిది, ఉండాలి కాబట్టి ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు.

నా దారి మారింది బెంగళూరులో. ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబేల్లో ఉన్న నానో ఫెసిలిటీలను బయటి కాలేజీల వాళ్లు కూడా వాడుకోవడానికి ఐఎన్‌యూపీ అని కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. ప్రపోజల్ రాసి పంపాలి, ఒప్పుకుంటే ట్రైనింగ్ ఇస్తారు, మెషిన్ మీద పని చేయిస్తారు. మన దగ్గర సగం మందికి ఇది తెలియదు, తెలిసినవాళ్లలో సగం మంది మనకెందుకు ఇస్తారులే అని అప్లై చేయరు. నేను చేశాను, వచ్చింది. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. రాత్రి బస్సు ఎక్కి, తెల్లారేసరికి దిగి, స్టాండ్‌లోనే మొహం కడుక్కుని ల్యాబుకి పోవడం అలవాటైపోయింది.

అక్కడితో ఆగక వేరే ఒకటి రెండు చోట్ల కూడా స్లాట్లు అడుక్కునేదాన్ని. బయటివాళ్లకి దొరికేవి ఎవరికీ అక్కర్లేని స్లాట్లే, అంటే రాత్రిళ్లు, పండగ సెలవులు. ఏఎఫ్‌ఎం వరకు అది అదృష్టమే అనుకోండి. పగలు తలుపులు కొట్టుకుంటాయి, లిఫ్ట్ తిరుగుతుంది, కారిడార్‌లో అడుగుల చప్పుడు కూడా బొమ్మలో గీతలై కనిపిస్తుంది. నా థీసిస్‌లో మంచి బొమ్మలన్నీ దసరా సెలవులవే.

అక్కడ ఆపరేటర్‌గా ఉన్న అన్న చెయ్యి పట్టి నేర్పించాడు. క్యాంటిలీవర్ చిప్ మూడు నాలుగు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్క. దాని చివర నుంచి ఒక సన్నని పట్టీ బయటికి పొడుచుకుని ఉంటుంది, పొడవు 125 మైక్రాన్లు, కంటికి ఆనదు. ఆ పట్టీ కొసన కిందికి తిరిగి ఉన్న సూది, మొన వ్యాసార్థం పది నానోమీటర్ల లోపు. ట్వీజర్‌తో చిప్‌ను పక్కల నుంచి పట్టుకుని ఎత్తి హోల్డర్‌లో పెట్టాలి. చెయ్యి వణికిందా, చిప్ తల్లకిందులుగా పడుతుంది, వెయ్యి రూపాయల పైన ఖరీదు చేసే సూది పోయినట్టే. పెట్టాక లేజర్ చుక్కను ఆ పట్టీ కొస మీదకు తేవాలి, అక్కడ తగిలి తిరిగొచ్చే వెలుగును డిటెక్టర్ మధ్యలోకి తేవాలి, పట్టీని దాని సొంత ఫ్రీక్వెన్సీలో ఊపాలి, మేం వాడేవి మూడు వందల కిలోహెర్ట్జ్ దగ్గర. అప్పుడు ఎంగేజ్. మోటారు తలను మెల్లగా కిందికి దింపుతుంది, స్క్రీన్ మీద ఊపు తగ్గుతుంది, ఆగుతుంది. మొదటి గీత వస్తుంది. ఎడమ నుంచి కుడికి వెళ్లేటప్పుడు ఒక గీత, తిరిగొచ్చేటప్పుడు ఇంకొకటి, రెండూ ఒకదాని మీద ఒకటి సరిపోవాలి. సరిపోకపోతే స్పీడన్నా ఎక్కువైనట్టు, సూదిని ఎత్తుపల్లాలకు తగ్గట్టు జరిపే ఫీడ్‌బ్యాకన్నా తక్కువైనట్టు. ట్రైనింగ్‌లో మొదటి శాంపిల్ ఏమిచ్చారో తెలుసా, పగలగొట్టిన సీడీ ముక్క. దాని గాడుల మధ్య దూరం 1.6 మైక్రాన్లని అందరికీ తెలుసు కాబట్టి మెషిన్ సరిగ్గా కొలుస్తోందో లేదో అక్కడే తేలిపోతుంది.

అసలు విషయం ఇప్పుడు. ఒక రాత్రి నా జింక్ ఆక్సైడ్ ఫిల్మ్ స్కాన్ చేస్తుంటే గ్రెయిన్లన్నీ, అంటే ఫిల్ములోని గింజలన్నీ, త్రికోణాలుగా వచ్చాయి, అందంగా, అన్నీ ఒకే దిక్కుకు చూస్తూ. నాకు ఆనందం ఆగలేదు. అన్న వచ్చి చూసి, "శాంపిల్‌ని తొంభై డిగ్రీలు తిప్పి మళ్లీ తియ్యి" అని టీకి వెళ్లిపోయాడు. తిప్పి తీశాను. శాంపిల్ తిరిగింది, త్రికోణాలు తిరగలేదు. అంటే అవి నా ఫిల్మువి కావు, సూదివి. మొన విరిగిపోయి ఉంటే, ఉపరితలం మీద సూది కన్నా సన్నగా ఉన్న ప్రతి గుట్టా ఆ విరిగిన మొన ఆకారాన్నే గీసి చూపిస్తుంది.

ఊరికి వచ్చాక పాత సీడీలన్నీ తీసి చూశాను. ఒక సెట్‌లో, బయట ఒక చోట డబ్బులు కట్టి తీయించిన వాటిలో, నాలుగు వేర్వేరు టెంపరేచర్ల ఫిల్ములకు ఒకే ఆకారపు గ్రెయిన్లు, ఒకే వాలు. అప్పటికే వాటితో పేపర్ రాసి పెట్టున్నాం, పంపడమే తరువాయి. సార్ దగ్గరికి వెళ్లి, "ఈ ఫిగర్ తీసేద్దాం సార్, ఇది టిప్ బొమ్మ" అన్నాను. సార్ చాలాసేపు బొమ్మల వైపు, నా వైపు చూసి, "అందరూ ఇలాగే వేస్తారు కదమ్మా" అన్నారు. వాదించలేదు నేను, ఆ తొంభై డిగ్రీల జత పక్కన పెట్టి వచ్చేశా. రెండు రోజుల తర్వాత ఆయనే పిలిచి, మళ్లీ కొలుద్దాం అన్నారు. దాంతో పేపర్ దాదాపు ఏడాది వెనక్కి పోయింది. నా బ్యాచ్‌మేట్లు అప్పటికి మూడు నాలుగు పేపర్లు వేసుకున్నారు. అందుకు ఏడవలేదని చెప్తే అబద్ధం, కానీ నాకు ఈ పని వచ్చిందని నమ్మకం కలిగింది కూడా అప్పుడే.

రివ్యూయర్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది, ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో) సైజు 25 నానోమీటర్లు అన్నారు, ఏఎఫ్‌ఎంలో 90 కనిపిస్తోంది, ఏది నిజం అని. రెండూ నిజమే కావచ్చు. ఎక్స్‌ఆర్‌డీ నుంచి సైజు లెక్కగట్టే షెరర్ ఫార్ములా ఇచ్చేది ఒకే దిశలో పేర్చి ఉన్న స్ఫటికం సైజు. ఏఎఫ్‌ఎంలో కనిపించే గుట్టలో అలాంటివి చాలా కలిసి ఉండొచ్చు, పైగా సూది లావు కూడా కలిసి అడ్డంగా వెడల్పు ఎక్కువ చూపిస్తుంది. అందుకే అడ్డం కొలతల కన్నా ఎత్తు కొలతలను నమ్మమంటారు. ఈ సంగతి తెలిస్తే చాలు, సగం టెన్షన్ పోతుంది.

డబ్బు గురించి కూడా చెప్పాలి. చేరినప్పుడు జేఆర్‌ఎఫ్ నెలకు 16 వేలు, 2014 చివర్లో 25 వేలు చేశారు, 2023లో 37 వేలు చేశారు. అంకె బాగానే ఉంటుంది, అది నెలనెలా వస్తే. మాకు నెలల తరబడి ఆగి ఒకేసారి పడేది, అందాకా మెస్ బిల్లు అప్పు. ఇంట్లో పెళ్లి మాట మొదలైంది, అది వేరే రామాయణం, ఇక్కడ వద్దు.

పీహెచ్‌డీ అయ్యాక నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ వచ్చింది, రెండేళ్లు, అప్పట్లో నెలకు 55 వేలు. అప్పటికి గానీ ఎస్‌టీఎం (స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్) మీద చెయ్యి పెట్టలేదు, ఆ జెనాన్ అక్షరాలు రాసిన, ఎమ్మెస్సీలో నన్ను నిద్రపోనివ్వని మెషిన్. గెర్డ్ బిన్నిగ్, హైన్రిచ్ రోరర్ 1981లో జ్యూరిచ్ ఐబీఎం ల్యాబ్‌లో తయారుచేశారు, ఐదేళ్లకే 1986లో నోబెల్ వచ్చింది. ఏఎఫ్‌ఎం మీద మొదటి పేపర్ వచ్చింది కూడా ఆ 1986లోనే, అందులోనూ బిన్నిగ్ ఉన్నాడు. ఎస్‌టీఎంలో సూది ఉపరితలాన్ని తాకదు, ఒక నానోమీటరు కన్నా తక్కువ ఎడంలో నిలబడుతుంది, ఆ ఖాళీలోంచి ఎలక్ట్రాన్లు టన్నెల్ అవుతాయి, అంటే తాకకుండానే అవతలికి దాటిపోతాయి. దూరం 0.1 నానోమీటర్ పెరిగితే కరెంటు సుమారు పదో వంతుకు పడిపోతుంది. మెషిన్‌కి అంత చూపు ఉండటానికి కారణం ఇదే.

పోస్ట్‌డాక్ అంటే రోజూ క్వాంటమ్ మెకానిక్స్ అనుకుంటారు. నేను చేసింది ఎక్కువగా స్పానర్ పని. ఎస్‌టీఎం వ్యాక్యూమ్ ఛాంబర్‌లో ఉంటుంది, ప్రెషర్ వాతావరణం కన్నా లక్షల కోట్ల రెట్లు తక్కువ ఉండాలి, లేకపోతే మనం శుభ్రం చేసిన ఉపరితలం మీద గ్యాస్ పొర కట్టేస్తుంది. ఓ మోస్తరు వ్యాక్యూమ్‌లో అయితే ఒక్క సెకండ్‌కే కట్టేస్తుంది, మంచి వ్యాక్యూమ్‌లో కొన్ని గంటల టైం దొరుకుతుంది, ఆ గంటల్లోనే ప్రయోగం. ఛాంబర్ ఒకసారి తెరిస్తే మళ్లీ మూసి, రోజుల తరబడి వేడి చేసి లోపలి తేమంతా తరిమేయాలి. మూసేటప్పుడు రెండు స్టీలు ఫ్లాంజిల మధ్య రాగి రింగు పెట్టి బోల్టులు బిగిస్తాం, అంచు రాగిలోకి దిగి సీల్ అవుతుంది. ఒక ఫ్లాంజ్ ఎంతకీ లీకు ఆగలేదు. ఊరికే మాటల్లో నాయనకు చెప్తే, "ఒక వరసలో బిగిస్తాండారా? ఎదురెదురు బోల్టు పట్టుకుని కొంచెం కొంచెం తిప్పండి, సిలిండర్ హెడ్డుకి చేసినట్టు" అన్నాడు. మాన్యువల్లో కూడా అదే రాసి ఉంది. అక్కడ ఫ్లాంజ్ మూసింది వేరేవాళ్లు, అయినా రాగి రింగు మార్చి నేనే మళ్లీ బిగించాను. ఆగింది.

మొదట చూసిన పరమాణువులు గ్రాఫైట్‌వి. సెల్లోటేప్ అంటించి పై పొర లాగేస్తే కింద తాజా ఉపరితలం వస్తుంది, దానికి వ్యాక్యూమ్ కూడా అక్కర్లేదు, మామూలు గాలిలోనే కనిపిస్తుంది. స్క్రీన్ మీద చుక్కలు వరసలుగా వచ్చాయి. కొలిస్తే 0.246 నానోమీటర్లు. కార్బన్, కార్బన్ మధ్య దూరం 0.142 కదా, మరి ఇదేంది? గ్రాఫైట్‌లో ఒక పొరలోని పరమాణువుల్లో సగం వాటికి సరిగ్గా కింద ఇంకో పరమాణువు ఉంటుంది, సగం వాటికి ఉండదు. కింద లేనివే ఎస్‌టీఎంకి మెరుస్తాయి, మిగతావి దాక్కుంటాయి. షడ్భుజంలో ఆరు ఉంటే మూడే కనిపిస్తాయి. ఎస్‌టీఎం చూపించేది పరమాణువుల ఆకారం కాదు, ఆ ఎనర్జీ దగ్గర ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎక్కువున్నాయో అది.

తర్వాతి భాగం తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అందరి కథా ఒకటే. ఫెలోషిప్ అయిపోయింది, పర్మనెంట్ పోస్టుల నోటిఫికేషన్లు రాలేదు, వచ్చినవి ఆగాయి, లాక్‌డౌన్ వచ్చింది. ఇంటర్వ్యూల్లో "మీ ఫీల్డ్‌కి మా దగ్గర ఎక్విప్‌మెంట్ లేదు కదా" అన్నవాళ్లు ఉన్నారు. నాకు ఎప్పుడుంది గనక! చివరికి అనంతపురం దగ్గర ఒక ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరాను. బీటెక్ ఫస్టియర్ వాళ్లకి ఫిజిక్స్, వారం నిండా క్లాసులు, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ ఫైళ్లు, అడ్మిషన్ల సీజన్లో ఇంటర్ పిల్లల ఇళ్ల చుట్టూ తిరగడం. పోస్ట్‌డాక్‌లో వచ్చినంత జీతం రావడానికి చాలా టైం పట్టింది. పీహెచ్‌డీలో చేరేటప్పుడు ఈ దశ గురించి ఎవరూ చెప్పరు, అందుకే చెప్తున్నా. ఇంట్లో మీ జీతం మీదే ఆధారపడినవాళ్లు ఉంటే రెండుసార్లు ఆలోచించండి. చేరేటట్టయితే మాత్రం గైడ్‌ని పేపర్లు ఎన్ని అని అడక్కండి. ఆ ల్యాబ్ సీనియర్లను పక్కకి పిలిచి, మెషిన్ మీద మీ చెయ్యి పెట్టనిస్తారా, రా డేటా మీ దగ్గర ఉంటుందా అని అడగండి. లేదంటే మీ థీసిస్‌లోని బొమ్మలకు మీరే జవాబు చెప్పలేరు.

నా రీసెర్చ్ ఆగలేదు, నత్తనడకన సాగుతోంది. సెలవుల్లో స్లాట్ దొరికితే బెంగళూరు. మిగతా రోజుల్లో నలుగురు బీటెక్ పిల్లలతో కలిసి బజర్ డిస్కుతో ఎస్‌టీఎం కడుతున్నాం. అలారంలో ఉండే పీజో బిళ్ల, ఎలక్ట్రానిక్స్ షాపులో చిల్లర డబ్బులకు దొరుకుతుంది. దాని మీదున్న పూతను బ్లేడుతో నాలుగు ముక్కలుగా గీసి, ముక్కముక్కకీ వేరే వోల్టేజ్ ఇస్తే మధ్యలో అంటించిన సూది అటూ ఇటూ పైకీ కిందికీ కదులుతుంది. సూది అంటే ప్లాటినం ఇరిడియం తీగను కట్టర్‌తో ఏటవాలుగా లాగుతూ కత్తిరించిందే, కొన్నిసార్లు కొసన ఒకే పరమాణువు మిగులుతుంది, చాలాసార్లు మిగలదు, మళ్లీ కత్తిరించడమే. ఒక నానో ఆంపియర్‌ను వంద మెగా ఓమ్స్ రెసిస్టర్ ఉన్న ఆంప్లిఫయర్ 0.1 వోల్ట్ చేసి ఇస్తుంది. పిల్లలు మొదట ఆ 0.1 వోల్ట్ చూసి అరిచి గోల చేశారు, తర్వాత చూస్తే అది టన్నెలింగ్ కాదు, యాభై హెర్ట్జ్ కరెంటు రొద. డబ్బాకి రేకు చుట్టి ఎర్త్ చేశాక చాలా తగ్గింది.

ఇప్పటికి సూదిని దూరం జరుపుతూ ఉంటే కరెంటు ఎలా పడిపోతుందో ఆ గ్రాఫ్ వస్తోంది, ఒక్కోసారి. గ్రాఫైట్ మెట్టు, 0.335 నానోమీటర్లు, ఇంకా కనిపించలేదు. బరువైన గ్రానైట్ పలక మీద పెట్టి స్ప్రింగులకు వేలాడదీస్తే కదలిక తగ్గుతుంది. పలక తాడిపత్రి నుంచి ఒక పిల్లవాడి మేనమామ ఇస్తానన్నాడు, స్ప్రింగులు నాయన చూస్తానన్నాడు.